ఉలకని పలకని పరీక్ష

ఆ బడిలో ఏ యంత్రం మొరాయించినా పిలుపు ఒక్కరికే. మెట్ల కింది గదిలో కూర్చునే ఆమెను పిల్లలు కంప్యూటరక్క అనేవారు. వాళ్లను చూసి టీచర్లూ అలాగే పిలవడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, ప్రొజెక్టర్ బొమ్మను తలకిందులు చేసినా, లెక్కల మాస్టారు పాస్‌వర్డ్ మళ్లీ మరిచిపోయినా ఆమే వెళ్లాలి. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అని రోజుకు ఇరవై సార్లు అడిగేది. సగం రోగాలు దానితోనే కుదిరిపోయేవి.

ఆ ఏడాది పదో తరగతి చివరి పరీక్షలు కాగితం మీద కాక కంప్యూటర్ మీద పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పరీక్షలకు పన్నెండు రోజుల ముందు, ఒక బుధవారం, ఆమె కొత్త సాఫ్ట్‌వేర్‌ను ల్యాబ్‌లోని నలభై సిస్టమ్‌లలోనూ ఎక్కించి పిల్లల చేత నమూనా పరీక్ష రాయించింది. అంతా సాఫీగా నడుస్తోందనుకుంటూ వరసల మధ్య తిరుగుతుంటే, గోడ పక్క చివరి సీట్లోంచి ఒక చెయ్యి లేచింది.

అది రేడియో చెయ్యి. పుట్టుకతోనే చూపు లేని ఆ పిల్లకు తోటివాళ్లు ఆ పేరు పెట్టారు, ఒకసారి విన్న పాఠాన్ని పొల్లు పోకుండా తిరిగి వినిపిస్తుంది గనక. ఆ పేరు తనకూ నచ్చింది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంటే చాలు, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని తన పనులన్నీ తనే చేసుకునేది. మౌస్ ముట్టుకోదు. వేళ్లు కీబోర్డు మీద పరుగులు పెడుతుంటాయి.

"అక్కా, దీనికి నోరు పడిపోయింది," అంది రేడియో.

కంప్యూటరక్క హెడ్‌ఫోన్స్ తీసుకుని చెవికి ఆనించుకుంది. పిల్ల ఒక్కో మీటా నొక్కుతూ పోయింది. "బటన్" అంది యంత్రం. "బటన్. బటన్. బటన్." ప్రశ్న దగ్గరికి వెళ్తే "చిత్రం" అని ఊరుకుంది.

"ఏ బటనో చెప్పదు. ప్రశ్న చిత్రమేనట, జవాబులు నాలుగూ చిత్రాలేనట. నాకు పరీక్ష పెడుతోందా, ఎగ్జిబిషన్ చూపిస్తోందా?"

పక్క సీటు పిల్లలు కిసుక్కున నవ్వారు. కంప్యూటరక్కకు నవ్వు రాలేదు. సిస్టమ్ మార్చి చూసింది. చదివే ప్రోగ్రాంను తీసేసి మళ్లీ ఎక్కించింది. సాయంత్రందాకా కుస్తీ పట్టినా అదే పాట.

మర్నాడు సంగతి విని హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. చెడ్డ మనిషి కాదు. కానీ నాలుగు వందల మంది పిల్లల పరీక్షలు ఆవిడ నెత్తి మీద ఉన్నాయి.

"రాసిపెట్టే మనిషిని ఇవ్వొచ్చని రూల్ ఉంది కదమ్మా. తొమ్మిదో తరగతి పిల్లను ఒకర్ని పక్కన కూర్చోబెడదాం. ఎందుకింత హైరానా?"

తలుపు దగ్గర నిలబడ్డ రేడియో ఊరుకోలేదు. "అరసంవత్సరం పరీక్షకు అలాగే చేశాం మేడమ్. రాసిపెట్టిన పిల్ల మంచిదే. నేను చెప్పిన జవాబు తప్పని తనకు తోచి, మార్చి రాసేసింది. అదే కరెక్టయింది. మార్కులు చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు."

హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత కంప్యూటరక్క వైపు తిరిగింది. "వచ్చే గురువారం దాకా చూస్తాను. ఆ పైన నా చేతుల్లో లేదు. ఆ లోపు మీరేం చేస్తారో చేయండి."

ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. పావుగంట సంగీతం విన్నాక అవతల ఒక గొంతు పలికింది.

"మేడమ్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

తన మాటే తనకు అప్పజెబుతుంటే ఎలా ఉంటుందో ఆమెకు ఆ రోజు తెలిసొచ్చింది. చేశానంది. మళ్లీ చేయమన్నారు. చేసింది. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సాయంత్రం ఆమె ఇంకా బస్సులో ఉండగానే ఫోన్‌కు సందేశం వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవలపై మీ అభిప్రాయం తెలపండి."

ఇంటికి వచ్చి సంచీ విసిరినంత పని చేసింది. వంటింట్లో అత్తగారు బఠాణీలు ఒలుస్తున్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఫిర్యాదులు రాసుకునే సీట్లో పనిచేసి రిటైరైన మనిషి. కోడలు చెప్పిందంతా విని, చేతిలోని కాయ పక్కన పెట్టారు.

"ఏమని చెప్పావు వాళ్లకి? పని చేయట్లేదనేనా?"

"అవును అత్తయ్యా. చేయట్లేదు మరి."

"అక్కడే దెబ్బతిన్నావు. మా రోజుల్లో ఫోన్ పని చేయట్లేదు అన్నవాళ్ల చీటీ అడుక్కి పోయేది. రింగ్ వస్తోంది, నా మాట అవతలికి వినపడట్లేదు, పొద్దున తొమ్మిదింటి నుంచీ ఇంతే అన్నవాళ్ల ఇంటికి లైన్‌మ్యాన్ ఆ పూటే వెళ్లేవాడు. ఏ బటను, ఏమంటోంది, ఏమనాలి, అన్నీ రాయి. కొత్త ఫిర్యాదు మాత్రం పెట్టకు. వాళ్లు మూసేసిందే తెరిపించు. ఎవరు మూశారో అడుగు. ఇంకో మాట, ఫోన్ నువ్వు పెట్టేయకు. వాళ్లనే పెట్టనీ."

సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న భర్త వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "మా అమ్మ దిగిందంటే ఆ కంపెనీ పని అయిపోయినట్టే."

శుక్రవారం, శనివారం బడి వదిలాక కంప్యూటరక్క, రేడియో ల్యాబ్‌లో కూర్చున్నారు. ముందు కంప్యూటరక్క ఒక పని చేసింది. తెర ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తనే పరీక్ష మొదలుపెట్టబోయింది. పదిహేను నిమిషాలకు ఆమె నుదుట చెమట పట్టింది. ప్రశ్నల సంగతి దేవుడెరుగు, లోపలికి వెళ్లే బటనే దొరకలేదు.

"అక్కా, మీరు ఇందాకట్నుంచీ బయటికి వెళ్లే బటన్ నొక్కుతున్నారు," అంది రేడియో, పక్కనుంచి శబ్దం విని.

"నీకెలా తెలుసు?"

"మూడో బటన్ కదా. లెక్కపెట్టుకున్నా."

ఆమె తెర వెలిగించి నోటుబుక్కు తెరిచింది. పిల్ల ఒక్కో మీటా నొక్కుతుంటే, అది ఏమందో, ఏమనాలో ఆమె రాసుకుంటూ పోయింది. శనివారం ఆరింటికి లోపాల లెక్క అరవై మూడు తేలింది. అన్నింటినీ శబ్దంతో సహా రికార్డు చేసింది. ఆ వెతుకులాటలోనే రేడియో ఒక్కసారి చెయ్యెత్తి ఆగమంది.

"అక్కా, ఇది వినండి."

పరీక్ష నియమాల పేజీ అది. యంత్రం పదహారు నియమాలనూ అక్షరం పొల్లు పోకుండా గడగడా చదివేసింది.

"చూశారా? నియమాలు చెప్పడానికి నోరొచ్చింది. ప్రశ్నలకే రాలేదు. చేతకాక కాదక్కా, చేయక."

కంప్యూటరక్క ఆ మాటను అలాగే అరవై నాలుగో అంశంగా రాసుకుంది.

సోమవారం పొద్దున ఫోన్ పట్టుకుంది. మూసేసిన నంబరే చెప్పింది. మొదటి మనిషి ఇంకొకరికి, ఆ ఇంకొకరు వేరొకరికి బదిలీ చేశారు. ప్రతి ఒక్కరి పేరూ అడిగి, వాళ్లకు వినపడేలా పలుకుతూ రాసుకుంది. "మేమే తిరిగి ఫోన్ చేస్తాం మేడమ్" అంటే, "ఫర్వాలేదండీ, నాకు తొందర లేదు, లైన్లోనే ఉంటాను" అంది. మధ్యలో సైన్సు టీచరు ప్రింటర్ అంటూ వస్తే చేత్తోనే సైగ చేసి పంపించేసింది. నలభై నిమిషాలకు, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో ఒకరైన ఇంజినీరమ్మాయి లైన్లోకి వచ్చింది.

"పిల్లలు కాపీ కొట్టకుండా ప్రశ్నలన్నీ బొమ్మలుగా మార్చామండీ. ఇలా వినేవాళ్లు కూడా ఉంటారని మాకెవరూ చెప్పలేదు," అంది ఆ అమ్మాయి నీళ్లు నములుతూ.

"నేను చెబుతున్నాగా. మీ ముందున్న తెర ఒకసారి ఆపేయండి. మౌస్ పక్కన పెట్టండి. ఇప్పుడు మీ పరీక్ష మీరే మొదలుపెట్టండి. నేను లైన్లోనే ఉంటాను."

అవతల టకటకమని మీటల చప్పుడు. ఆగింది. మళ్లీ చప్పుడు. చాలాసేపటి తర్వాత గొంతు వినిపించింది, ఈసారి మెల్లగా.

"నాకు లాగిన్ కూడా కావట్లేదండీ."

"నాకూ కాలేదు. మీకు అరవై నాలుగు అంశాలు పంపిస్తున్నాను. పరీక్ష వచ్చే సోమవారం."

ఆ అమ్మాయి ఏ తంటాలు పడిందో, గురువారం మధ్యాహ్నానికల్లా కొత్త ఫైలు వచ్చింది. రేడియో చెవులు రిక్కించి కూర్చుంది. బటన్లకు పేర్లొచ్చాయి. ప్రశ్నలు మాటలయ్యాయి. హెడ్మిస్ట్రెస్ స్వయంగా వచ్చి వెనక నిలబడి విని, "ఇంకేం, బాగుందిగా," అంది.

"బాగుంది మేడమ్, ఒక్కటే లోటు," అంది రేడియో. "ఈ లెక్కకు జవాబు రావట్లేదు. రెండు ఎక్స్ మూడు ఈక్వల్స్ ఏడు అంటోంది. ఎక్స్‌కీ మూడుకీ మధ్య ఏదో ఉండాలి."

తెర మీద అక్కడ మైనస్ ఉంది. యంత్రం దాన్ని ఒట్టి గీత అనుకుని మింగేస్తోంది. లెక్కల పరీక్షే మొదటిది. కంప్యూటరక్క మళ్లీ ఫోన్ తీసింది. శనివారం సాయంత్రం ఇంకో ఫైలు వచ్చింది. పిల్ల ఇంట్లో ఉందని ఆమె ఒక్కతే ఎక్కించుకుని, మైనస్ వినపడగానే హమ్మయ్య అనుకుని ఇంటికి పోయింది.

సోమవారం ఏడింటికే ల్యాబ్ తెరిచి, ఎందుకైనా మంచిదని రేడియో సిస్టమ్ ముందు కూర్చుంది. "రెండు ఎక్స్ మూడు," అంది యంత్రం.

ఏం జరిగిందో ఆమెకు వెంటనే అర్థమైంది. తప్పు కంపెనీది కాదు, తనదే. పిల్లలు ఆటలు ఎక్కించకుండా ప్రతి సిస్టమ్‌కూ తను ఒక తాళం లాంటి ప్రోగ్రాం పెట్టింది. దాన్ని తీయకుండా ఏం ఎక్కించినా, సిస్టమ్ ఆపి తెరిచేసరికి పోతుంది. గురువారం తీసింది, శనివారం తొందరలో మరిచిపోయింది. ఆదివారం వాచ్‌మన్ మెయిన్ స్విచ్ ఆపాడు. అంతే.

పరీక్ష రోజు కనక ఎనిమిదింటికి ల్యాబ్‌కు నెట్ తీసేస్తారు. ఆమె తాళం తీసి, ఫైలును మళ్లీ దింపడం మొదలుపెట్టింది. ఎంత దిగిందో చూపే గీత తెర మీద నత్తలా కదులుతోంది. అవసరమైతే రాసిపెట్టడానికి హెడ్మిస్ట్రెస్ రమ్మన్న తొమ్మిదో తరగతి పిల్ల అప్పటికే వరండాలో బెంచీ మీద వచ్చి కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏమ్మా, ఏమైంది?"

"తప్పు నాదే మేడమ్. తాళం తీయడం మరిచిపోయాను. ఎనిమిది దాకా ఆగండి."

"కాకపోతే?"

"కాకపోతే రేడియోకు నేనే చెబుతాను. ఎనిమిది దాకా మాత్రం ఎవరూ ఏమీ చెప్పొద్దు."

మిగతా ముప్పై తొమ్మిది సిస్టమ్‌ల నెట్ తీగలు ఒక్కొక్కటే పీకేసింది, ఉన్న వేగమంతా ఈ ఒక్కదానికే రావాలని. గీత కాస్త ఊపందుకుంది. ఏడూ యాభై రెండుకు ఫైలు దిగింది. ఎక్కించింది. తాళం మళ్లీ వేసింది. సిస్టమ్ ఆపింది, ఆన్ చేసింది. మళ్లీ ఆపింది, మళ్లీ ఆన్ చేసింది. రెండుసార్లూ "రెండు ఎక్స్ మైనస్ మూడు" అని విన్నాకే కుర్చీలోంచి లేచి, పీకిన తీగలన్నీ పెట్టడానికి వంగింది.

పరీక్ష తొమ్మిదిన్నరకు మొదలై రెండున్నర గంటలు నడిచింది. ల్యాబ్‌లో ఉండడానికి ఆమెకు అనుమతి లేదు. తన గదిలో కూర్చుని ఒక పాత కీబోర్డు మీటలన్నీ విప్పి తుడిచి మళ్లీ బిగించింది. చూసుకుంటే రెండు మీటలు తారుమారయ్యాయి.

గంట కొట్టాక రేడియో గోడ వెంట చెయ్యి ఆనించుకుంటూ మెట్ల కిందికి వచ్చింది.

"ఎలా రాశావే?"

"రెండు తప్పు పెట్టాను, తెలిసిపోయింది. నాకే రాలేదు, దాని తప్పేం లేదు," అంది పిల్ల. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

ఫలితాల్లో రేడియోకు లెక్కల్లో డెబ్బై ఒకటి వచ్చింది. అరసంవత్సరం కన్నా ఐదు తక్కువ. ఆ కాగితాన్ని వాళ్లమ్మ చేత మూడుసార్లు చదివించుకుందట.

ఆ వారంలోనే ఇంజినీరమ్మాయి ఫోన్ చేసింది. ఆ ఫైలు వల్ల వేరే బడుల్లో ఇంకో పధ్నాలుగు మంది పిల్లలు సొంతంగా పరీక్ష రాశారని చెప్పింది. వచ్చే ఏడాది సాఫ్ట్‌వేర్‌ను బయటికి పంపే ముందు ఆ పిల్ల ఒకసారి విని చూస్తుందా అని అడిగింది. కంప్యూటరక్క ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి రేడియో ముందుంచింది.

"వింటాను," అంది రేడియో. "కానీ పరీక్షకు పన్నెండు రోజుల ముందు కాదు. ఆరు నెలల ముందు పంపించండి."