నాలుగు బోల్టులు

పన్నెండు కావస్తోంది. రోలరు ముందు కొత్తగా బిగించిన ఇనప జాలీ వేడెక్కి, ఆరని ఆకుపచ్చ రంగు వాసన హాలంతా కమ్ముకుంది. ప్రార్థనక్క ఆస్పత్రి దుప్పటి కొసలు రెండూ పట్టుకుని జాలీ కింది సందులోకి తోస్తోంది. చెయ్యి జాలీ దగ్గర ఆగిపోతోంది, బట్ట ఒక్కటే లోపలికి పోతోంది. ఈ జాలీ మంగళవారం కూడా ఉండి ఉంటే అందరూ పొట్టిది అని పిలిచే పిల్ల చెయ్యి కూడా ఇక్కడే ఆగిపోయేది.

ఇవాళ శుక్రవారం. రెండు గంటలకు తనిఖీ ఆఫీసరు వస్తుంది. జాలీ ఉందా లేదా అని అడుగుతుంది. ఎవరిని అడుగుతుందో కూడా హాల్లో అందరికీ తెలుసు.

ప్రార్థనక్క అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఆ లాండ్రీలో ముప్పై రెండు మంది పనిచేస్తారు. ఆస్పత్రుల దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు బండ్ల మీద వస్తాయి, ఉతుకూ ఇస్త్రీ అయి బండ్ల మీద పోతాయి. రోలరంటే మనిషి నడుమంత లావు ఇనప గొట్టం. లోపల ఆవిరి నింపుతారు. ఇవతల ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పటి అందిస్తే, అవతల ఇద్దరు పొడి దుప్పటి అందుకుని మడతపెడతారు. రోజు కూలి నాలుగు వందల ఇరవై. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆదివారం ప్రార్థనలకు కూడే చర్చి సంఘంలో కూడా ఆయనే పెద్ద. పనివాళ్ళలో మూడొంతుల మంది ఆ సంఘం వాళ్ళే.

రెండేళ్ళ కిందట కొత్తగా మూడు లాడ్జీల పని వచ్చింది. జాలీతో గంటకు తొంభై దుప్పట్లు అయ్యేవి. జాలీ లేకపోతే నూట ముప్పై అవుతాయని ఎవరో లెక్క చెప్పారు. పెద్దాయన మెకానిక్కుని పిలిచి జాలీ ఊడదియ్యమన్నాడు. ఆ మెకానిక్కు ఏ దేవుడికీ దణ్ణం పెట్టని మనిషి. "దీన్ని తీస్తే ఎవరిదో చెయ్యి పోతుంది, నేను తియ్యను" అని పానా అక్కడే పడేసి వెళ్ళిపోయాడు.

దేవుణ్ణి నమ్మినవాళ్ళు తీశారు. "మన చేతుల్ని కాపాడేది ఇనుమా, ప్రభువా?" అని అడిగాడు పెద్దాయన. పదిమందిలో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంటుంది. ఆ జవాబు అందరికన్నా ముందు ప్రార్థనక్క చెప్పింది. చెప్పి ఊరుకోకుండా పానా ఆవిడే అందుకుని నాలుగు బోల్టులూ విప్పింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే, ఆవిరి పెట్టకముందు, ఆ హాల్లో పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్ళు చల్లటి రోలరు మీద చేతులు వేసి కళ్ళు మూసుకునేవాళ్ళు. ప్రార్థనక్క ప్రార్థన చేసేది. రెండేళ్ళు ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. ఒక ఆదివారం పెద్దాయన సంఘం ముందు నిలబడి ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రార్థనక్కకు ఒళ్ళు పొంగిపోయిందని ఇక్కడ దాచడం ఎందుకు, పొంగిపోయింది. ఆ నాలుగు బోల్టులూ ఒక చిన్న పర్సులో వేసి, ప్రార్థన పుస్తకం పెట్టుకునే గుడ్డసంచిలో దాచుకుంది. విశ్వాసం గురించి మాటొస్తే చాలు, తీసి చూపించేది.

పొట్టిది ఎనిమిది నెలల కిందట చేరింది. ఎత్తు చాలక కాళ్ళ కింద పీట వేసుకుని దుప్పట్లు అందించేది. నెల కిందట ఒకరోజు మెల్లగా అడిగింది.

"అక్కా, ఆ జాలీ మళ్ళీ పెట్టించమని అడుగుదామా? పీట మీద నిలబడితే ముందుకి తూలినట్టుంటోంది. భయమేస్తోంది."

"భయమేస్తోందంటే నీకు నమ్మకం చాలట్లేదన్నమాట" అంది ప్రార్థనక్క. "ఇంకా ఎక్కువ ప్రార్థన చేసుకో."

ఆ పిల్ల నోరు మూసుకుంది. ఆ రోజు నుంచి దుప్పటి అందిస్తున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉండేవి. మంగళవారం పదకొండు గంటలకు కూడా కదులుతూనే ఉన్నాయి. దుప్పటి కొస మెలిపడి మణికట్టుకు చుట్టుకుంది. ఆపే మీట అవతల పక్కన ఉంది. ప్రార్థనక్క పరుగెత్తి మీట నొక్కేలోపు మూడు వేళ్ళు పోయాయి.

నిన్న ఆస్పత్రికి వెళ్ళి చూసింది. పొట్టిది చేతికి పెద్ద కట్టుతో పడుకుని ఉంది. కింద పరిచిన దుప్పటి మూల లాండ్రీ గుర్తు కనపడింది. ప్రార్థనక్క దాని మీద నుంచి కళ్ళు తిప్పుకుంది. ఏదో ఓదార్పు చెప్పాలని వెళ్ళింది కానీ ముందు ఆ పిల్లే నోరు విప్పింది.

"నాకు విశ్వాసం చాల్లేదు కదక్కా? నువ్వు చెప్పావు. నేను లోపల్లోపల భయపడుతూనే ఉన్నా. అందుకే నాకే అయింది."

పదేళ్ళుగా పెద్ద గొంతుతో ప్రార్థన చేసే మనిషి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"అక్కా, పెద్దాయన పిలుస్తున్నారు" అని ఇప్పుడు రోలరు అవతలి నుంచి మడతలావిడ కేక వేసింది. ప్రార్థనక్క చేతిలో దుప్పటి వదిలేసి వెళ్ళింది.

ఆఫీసు గదిలో పెద్దాయన కుర్చీ చూపించాడు. "కూర్చోమ్మా." ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. దాంతో ఆమెకు భయం ఇంకా ఎక్కువైంది. కుర్చీ అంచున కూర్చుంది.

"మంగళవారం నించీ నాకు ముద్ద దిగట్లేదు. ఆ పిల్ల కోసం ఉపవాసం ఉన్నాను" అన్నాడు పెద్దాయన. ఆ మాట అబద్ధం కాదు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, గొంతు పోయింది. "ఆఫీసరు నిన్నే అడుగుతుంది. నీ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు. జాలీ ఎప్పుడూ ఉండేదని చెప్పు. ఆ రోజు తొందరలో ఆ పిల్లే తీసిందని చెప్పు. అంతే."

"అట్లా చెప్తే దానికి పరిహారం రాదు కదయ్యగారూ."

"నేను లేనా? సంఘంలో కానుక పట్టిద్దాం. మనం వదిలేస్తామా ఆ పిల్లని?" ఆయన ముందుకి వంగాడు. "లాండ్రీకి తాళం పడితే ముప్పై రెండు ఇళ్ళు పస్తుంటాయి. నీ ఇంట్లో అయితే ఇద్దరి జీతాలూ పోతాయి. ఆలోచించుకో."

ఆయన ఇంకా మెల్లగా అన్నాడు.

"జాలీ లేదని తేలితే, తీసిందెవరని అడుగుతారు. పానా పట్టింది నేను కాదు కదమ్మా."

ఆమె సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది.

"ఆ పాత బోల్టులు నీ దగ్గరే ఉండాలి. ఇటు ఇచ్చెయ్."

"ఇంట్లో ఉన్నాయయ్యగారూ" అంది. బోల్టులు భుజానికి వేలాడుతున్న సంచిలోనే ఉన్నాయి. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసరికి తనకు తానే హడలిపోయింది.

వెనక గుమ్మం దగ్గర, లాండ్రీ వ్యాను నడిపే ఆమె భర్త దుప్పటి మూటలు ఎక్కిస్తున్నాడు. ఆయన కూడా సంఘం మనిషే కానీ, పొద్దున్నే ముందు బ్రేకులు చూసుకుని తరవాత ప్రార్థన చేసుకునేవాడు. దేవుడి కన్నా బ్రేకుల మీదే నీకు నమ్మకమని భార్య రోజూ ఎగతాళి చేసేది. ఇవాళ ఆ సంగతి గుర్తొచ్చి ఆమె తల దించుకుంది.

"ఏమన్నాడు?" అన్నాడు మూట దించకుండానే.

చెప్పింది. ఆయన మూట దించి అటూ ఇటూ చూశాడు.

"బోల్టులు నాకివ్వు. వంతెన మీంచి పోతూ పారేస్తా. నాకేం తెలియదను. అవతల పక్కన ఉన్నానను."

"నేను పక్కనే ఉన్నానయ్యా. దాని రక్తం నా రవిక మీద పడింది."

"తెలుసే. ఉతికింది నేనే కదా." ఆయన మూటని కాలితో పక్కకి నెట్టాడు. "నిన్ను జైల్లో పెడితే మన పిల్లని నేనెట్లా చూసుకోను? మన గది అద్దె కట్టేది ఎట్లా? నాకు భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది" అంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె ఆ మాట ఒప్పుకోవడం ఆయన వినలేదు. ఏం చెయ్యాలో తెలియక ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె సంచి మాత్రం ఇవ్వలేదు.

భోజనాల వేళ అందరూ డబ్బాలు తెరిచారు. ప్రార్థనక్క ఉతికే గదిలో ఖాళీ తొట్టి వెనక మోకరించింది. ధైర్యం ఇమ్మని అడిగింది. ధైర్యం రాలేదు. ఎప్పుడూ ప్రార్థన మొదలుపెట్టగానే గుండెలోకి వచ్చే వెచ్చదనం ఇవాళ రాలేదు. మోకాళ్ళ కింద తడి నేల, లోపల దడ, అంతే. భయం లేకపోవడమే విశ్వాసమని ఇన్నాళ్ళూ అనుకుంది, పదిమందికీ చెప్పింది. అదే నిజమైతే ఈ పూట తనంత అవిశ్వాసి ఎవరూ లేరు.

కానీ ప్రభువు కూడా సిలువకు ముందు చివరి రాత్రి భయపడ్డాడు కదా. చెమట కారేంత భయపడ్డాడు. ఆ సంగతి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. అయినా ఆయన భయపడ్డాడని తనెప్పుడూ నమ్మలేదని, ఆ తొట్టి వెనక మొదటిసారి తెలిసింది. భయపడి ఎటూ పారిపోలేదు. ఆమె చాలాసేపు ఏమీ అడక్కుండా అలాగే ఉండిపోయింది. లేచి, తడిసిన చీర కుచ్చిళ్ళు దులుపుకుని హాల్లోకి నడిచింది.

రెండింటికి ఆఫీసరు వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, మెడలో వేలాడే కళ్ళజోడు, చేతిలో ఫైలు. తిన్నగా రోలరు దగ్గరికి నడిచి జాలీ మీద వేలు పెట్టింది. వేలికి ఆకుపచ్చ రంగు అంటుకుంది. వేలి వంక చూసుకుని, "రంగు ఎప్పుడు వేశారు?" అని అడిగింది.

"ఏటా వేయిస్తామమ్మా" అన్నాడు పెద్దాయన. "మీరు అడగాల్సినవన్నీ అడగండి. మా దగ్గర ఏ పనైనా ప్రార్థనతోనే మొదలవుతుంది. ఒక్క నిమిషం ఓపిక పడితే..." ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "రండమ్మా."

భోజనాలకు ఆపిన రోలరు ఇంకా గోరువెచ్చగా ఉంది. పొట్టిది పోగా మిగిలింది ఏడుగురు. అలవాటు కొద్దీ ఆరుగురు జాలీ మీదుగా చేతులు చాచి రోలరు పైభాగాన పెట్టారు, కళ్ళు మూసుకున్నారు. పొట్టిది నిలబడే పీట ఖాళీగా ఉంది. ఎవరూ దాన్ని తొక్కకుండా ఎడంగా నిలబడ్డారు.

"చెయ్యమ్మా" అన్నాడు పెద్దాయన.

ప్రార్థనక్క చేతులు సంచిలోనే ఉన్నాయి. గుమ్మంలో భర్త నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు.

"నేను చెయ్యనయ్యగారూ."

ఆరుగురిలో కొందరు కళ్ళు తెరిచారు. పెద్దాయన నవ్వబోయాడు. "ఒంట్లో బాగాలేదామ్మా? పోనీ ఇంకొకళ్ళు..."

"ఒంట్లో బానే ఉంది. రెండేళ్ళు జాలీ ఉండాల్సిన చోట నా ప్రార్థన పెట్టాను. దేవుడు అడగలేదు. మీరడిగారు, నేను పెట్టాను." ఆడవాళ్ళ వైపు తిరిగింది. "చేతులు తియ్యండమ్మా."

మడతలావిడ చెయ్యి తీసేసింది. ఆమె పక్కనున్నావిడ తీసి, పెద్దాయన మొహం చూసి మళ్ళీ పెట్టింది. మిగతావాళ్ళు కదల్లేదు.

ప్రార్థనక్క సంచిలోంచి పర్సు తీసింది. జిప్పు రెండుసార్లు జారిపోయింది. మూడోసారి తెరుచుకుంది. నాలుగు బోల్టులు అరచేతిలో పోసుకుని ఆఫీసరు ముందుకి చాచింది. తుప్పు పట్టి గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. జాలీకి కొత్త బోల్టులు తెల్లగా మెరుస్తున్నాయి.

ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుంది. "ఎవరు తీశారు ఇవి?"

"నేనేనమ్మా. తియ్యమన్నది పెద్దాయన. ఆ పిల్ల మళ్ళీ పెట్టించమని అడిగింది. దాని నోరు మూయించింది కూడా నేనే."

పెద్దాయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు, అక్కడ కుర్చీ లేదు. ఆఫీసరు బోల్టులు తీసుకోలేదు. ఫైలు తెరిచి కలం వెతుక్కుంటోంది. అంతసేపూ ప్రార్థనక్క చెయ్యి చాచే ఉంచింది. ఆ చెయ్యి ఎంత వణుకుతోందంటే, బోల్టులు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు గుమ్మంలో నిలబడ్డ భర్తకు కూడా వినపడింది. అయినా ఆమె గుప్పిట ముయ్యలేదు.