నాలుగో అంతస్తు పెద్దమనిషి

"ఇదా మీ పెద్దమనిషి?"

ఇంటి ఓనరుగారు లిఫ్టు తలుపుకి అడ్డంగా నిలబడి అడిగిన మాట అది. అడుగుతూ ఆయన చూస్తున్నది ఆవిడ వంక కాదు, ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడి రొప్పుతున్న ముసలి కుక్క వంక.

ఆవిడకి ఆ ప్రశ్నలోని కారం ముందు అర్థం కాలేదు. "అవునండీ, దీని పేరు పెద్దమనిషే. మా పిన్ని పెట్టింది," అంది నవ్వుతూ.

పిన్ని ఆ పేరు ఊరికే పెట్టలేదు. పిల్లగా ఉన్నప్పుడు కూడా ఆ కుక్క అల్లరీ ఆగడమూ లేకుండా, ఎవరిదో తగువు తీర్చడానికి వచ్చినట్టు ముందుకాళ్ళు చాపుకుని గంభీరంగా కూర్చునేదట. తల్లి పోయాక ఆవిడని సాకి పెద్దదాన్ని చేసింది ఆ పిన్నే. పిన్ని కన్నుమూశాక, పిన్ని కొడుకులు ఇల్లు ఖాళీ చేస్తూ, కుక్కని బండెక్కించి ఊరిబయట ఎక్కడైనా దింపేద్దామని మాట్లాడుకోవడం ఈవిడ చెవిన పడింది. వాళ్ళతో ఒక్క మాట కూడా అనలేదు. కుక్క మెడలోని తాడు పట్టుకుని నేరుగా తన ఇంటికి తెచ్చేసుకుంది.

"పేరు సంగతి కాదమ్మా," ఓనరుగారి గొంతు లేచింది. "మీ ఆయన నాతో ఏం చెప్పాడో తెలుసా? 'మా ఆవిడ పిన్నిగారింటి నుంచి పెద్దమనిషి వస్తున్నాడండీ, ఇక మాతోనే ఉంటాడు. వయసు మీదపడింది, కాళ్ళనొప్పులు' అన్నాడు. నేనేమన్నాను? ముసలివాళ్ళని దగ్గర పెట్టుకోవడం మంచిదే, లిఫ్టు ఉందిగా, ఇబ్బంది లేదు అన్నాను. మంచాన్ని పైకెక్కించడానికి మనిషిని కావాలంటే పంపిస్తానని కూడా అన్నాను!"

ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"నెలాఖరుకల్లా ఈ జంతువు ఇక్కడ ఉండకూడదు. అంతే," అని ఆయన విసవిసా లోపలికి వెళ్ళిపోయాడు.

ఓనరుగారు కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. కింద ఇంట్లో ఆయన, పైన నాలుగు అంతస్తుల్లో అద్దెవాళ్ళు. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. కుళాయి చెడితే సాయంత్రంలోగా బాగుచేయిస్తాడు. కానీ ఒకసారి కాదన్నాడంటే, ఆ మాటని మళ్ళీ అవుననిపించడం ఎవరి తరమూ కాదు.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"ఓనరుగారికి ఏం చెప్పారు మీరు?"

ఆయన చెప్పులు విప్పుతూనే సంగతి పసిగట్టాడు. "అబద్ధం ఎక్కడాడానే? ఒక్కో మాటా చూసుకో. పేరు పెద్దమనిషా కాదా? వయసు మీదపడిందా లేదా? కాళ్ళనొప్పులు ఉన్నాయా లేవా?"

"నవ్వుతాలుగా ఉందా?"

"ఉన్నది ఉన్నట్టు చెబితే ఒప్పుకునేవాడా ఆయన? ముందు లోపలికి తెచ్చేస్తే తర్వాత అదే సర్దుకుంటుంది అనుకున్నాను."

"నేను అడిగేదాన్ని. కాళ్ళావేళ్ళా పడో, పోట్లాడో, ఒప్పించేదాన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? ఆయన కళ్ళకి నేనూ అబద్ధాలకోరునే కదా!"

"పోనీలెద్దూ," అన్నాడాయన. ఆ మాట ఆయనకి ఊతపదం. బస్సుకి ఎవడు అడ్డొచ్చినా పోనీలే, జీతం ఆలస్యమైనా పోనీలే. పెళ్ళైన కొత్తలో అది ఆయన మంచితనమనుకుని మురిసిపోయింది ఆవిడ. ఇప్పుడా మాట వింటే ఒళ్ళు మండుకొచ్చింది.

ఆవిడది కళ్ళజోళ్ళ దుకాణంలో పని. ఫ్రేముకి తగ్గట్టు అద్దాలు అరగదీసి బిగిస్తుంది. మర్నాడంతా అక్కడ కూర్చుని, ఓనరుగారితో ఏం మాట్లాడాలో మనసులో ఒకటికి పదిసార్లు అనుకుంది. సెలవురోజు పొద్దున్నే వెళ్ళి ఆయన తలుపు తట్టింది.

"మావారు చెప్పిన తీరు తప్పేనండీ. నాకు తెలియదు, తెలిస్తే చెప్పనిచ్చేదాన్ని కాదు. కానీ ఈ కుక్క వల్ల మీకొచ్చిన ఇబ్బంది ఏమిటో చెప్పండి, ఎలా చెయ్యమంటే అలా చేస్తాను."

"మొరుగుతుంది."

"వచ్చి ఇన్నాళ్ళయింది. ఎప్పుడైనా మొరగడం విన్నారా?"

ఆయన మాట మార్చాడు. "వెంట్రుకలు రాలుతాయి."

"మా ఇంట్లోనేగా రాలేది? నేనేగా ఊడ్చుకునేది?"

"మీకేమమ్మా, ఎన్నయినా చెబుతారు. మిగతా అద్దెవాళ్ళు వచ్చి నామీద పడుతున్నారు. అందరూ ఫిర్యాదు చేస్తున్నారు."

ఆ 'అందరూ' అన్న మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. మెట్లెక్కుతూ ఒక్కో తలుపూ తట్టింది. మొదటి అంతస్తువాళ్ళు ఊళ్ళో లేరు. రెండో అంతస్తులో ఆసుపత్రి నర్సమ్మ తలుపు తీసింది.

"నేనా, ఫిర్యాదా? అయ్యో అక్కా, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలంతా పడుకుంటాను. మీ ఇంట్లో కుక్కుందన్న సంగతే నాకు చాలా రోజులు తెలీదు."

"ఆ మాటే ఓనరుగారితో ఒక్కసారి చెబుతావా?"

నర్సమ్మ నీళ్ళు నమిలింది. "ఆయనతో మనకెందుకక్కా. మా పెద్దాడి స్కూలు పక్కనే, మళ్ళీ ఇలాంటి ఇల్లు దొరకదు. నా పేరు మాత్రం ఎత్తకు."

మూడో అంతస్తులో వయొలిన్ మాస్టారు. లోపల శిష్యులు తీగల మీద కమాను గీకుతుంటే, వీధి చివరిదాకా వినపడుతోంది. ఆయన నవ్వేసి, "నా శిష్యుల కంటే మీ కుక్కే నయమమ్మా, నోరు మూసుకుని ఉంటుంది," అన్నాడు. మరి చెప్పమంటే ఆయనా అంతే. "నా గోల మీద ఆయన దృష్టి పడితే నా బతుకేం కాను? నన్ను వదిలెయ్యమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. అడ్డుపడేవాడు ఒక్కడే, నోరు విప్పని వాళ్ళు ఇంతమంది. మళ్ళీ కిందకి దిగి ఓనరుగారి ఎదుట నిలబడింది.

"అడిగొచ్చానండీ. ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. చేసినవాళ్ళెవరో పేరు చెప్పండి, వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటాను."

ఆయన ముఖం ఎర్రబడింది. పేరు చెప్పడానికి పేరంటూ ఉంటే కదా. "సరే, ఉండనివ్వండి. కానీ అది నా లిఫ్టు ఎక్కకూడదు," అన్నాడు.

"దానికి తుంటి పట్టేసిందండీ, మెట్లెక్కలేదు."

"అది నాకు సంబంధం లేదు."

ఇంటికెళ్ళి చెబితే భర్త, "హమ్మయ్య, ఒప్పుకున్నాడుగా! పోనీలే," అన్నాడు. ఆవిడ ఆయన వంక కొరకొరా చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి మొదలైంది చాకిరీ. పాత దుప్పటిని ఉట్టిలా ముడేసి, అందులో కుక్కని కూర్చోబెట్టి, భుజానికి తగిలించుకుని పొద్దునా సాయంత్రమూ నాలుగంతస్తులూ ఎక్కి దిగేది. కుక్క చిన్నదేం కాదు. మొదటి మలుపుకే నడుం పట్టేసేది. మూడో అంతస్తు దగ్గర గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటుంటే, పక్కనే లిఫ్టు సుతారంగా పైకీ కిందకీ పోతుండేది. రెండో అంతస్తులో లిఫ్టు దిగుతూ నర్సమ్మ ఎదురైతే, తనే చూపు తిప్పుకునేది. వయొలిన్ మాస్టారు అయ్యో పాపం అన్నట్టు తలూపి తలుపు వేసుకునేవాడు. దుప్పట్లో కుక్క మాత్రం తనవల్లే ఇదంతా అని తెలిసినట్టు, ఆవిడ చెవి పక్కన ముట్టె పెట్టి కదలకుండా ఉండేది. దాని ఓర్పు చూస్తుంటే ఆవిడకి కోపం తగ్గకపోగా ఇంకా పెరిగేది. నడుంనొప్పికి దుకాణంలో కుర్చీలో కూర్చోలేక నిలబడే అద్దాలు బిగించేది.

అలా రోజులు గడుస్తుండగా, ఓనరుగారు డాబా మీది గదికి కొత్త టైల్స్ వేయించడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఆవిడ కుక్కతో బయటినుంచి వచ్చేసరికి లిఫ్టు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల సిమెంటు బస్తాలు, తడి ఇసుక నింపిన ఇనప గమేళాలు. నేలంతా బురద. కూలీలు ఎక్కిస్తుంటే ఓనరుగారు పక్కనే నిలబడి, "జాగ్రత్తగా పెట్టండి, బస్తా చిరుగుతుంది," అంటున్నాడు.

ఆవిడ దుప్పటి విప్పి నేలమీద పడేసింది. కుక్కని రెండు చేతులా ఎత్తుకుని, ఆ బస్తాల మధ్యకెళ్ళి నిలబడింది.

"ఏమిటమ్మా ఇది? దిగండి!" ఓనరుగారు లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"దిగను. సిమెంటు బస్తా ఎక్కొచ్చు, ఇసుక ఎక్కొచ్చు, బురద ఎక్కొచ్చు. ప్రాణమున్నది ఎక్కకూడదా? ఏం పాపం చేసింది ఇది? మొరిగిందా? కరిచిందా? మీ గోడ పాడుచేసిందా? ముసలివాళ్ళకి లిఫ్టు ఉందిగా అన్నది మీరు కాదూ? ఇది ముసలిది కాదా, దీని కాళ్ళవి నొప్పులు కావా? ఇన్నాళ్ళూ దీన్ని మోసుకుంటూ మీ కళ్ళముందే ఎక్కాను. ఒక్కరోజైనా మీ మనసు కరిగిందా సార్?"

ఆవిడ గొంతు మెట్లన్నీ ఎక్కి పైదాకా వినపడింది. తలుపులు తెరుచుకున్నాయి. వయొలిన్ మాస్టారు కమాను చేత్తో పట్టుకునే మెట్ల దగ్గరకొచ్చాడు. నర్సమ్మ సగం వేసిన జడతో పరుగున దిగింది. కూలీలు గమేళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"సార్," అంది నర్సమ్మ, "నేను ఫిర్యాదు చెయ్యలేదు. ముందే చెప్పాల్సింది."

"నేనూ చెయ్యలేదండీ," అన్నాడు మాస్టారు.

ఓనరుగారు ఒక్కొక్కరి ముఖమూ చూశాడు.

"కుక్క సంగతి కాదమ్మా! మీ ఆయన నన్ను వెర్రివాణ్ణి చేశాడు. ముసలాయన వస్తున్నాడని చుట్టాలందరికీ చెప్పుకున్నాను, కబుర్లకి తోడు దొరుకుతాడని. మొన్న మా బావమరిది ఫోన్ చేసి, 'ఏం బావా, మీ పెద్దమనిషి తోకాడిస్తున్నాడట' అని ఒకటే నవ్వు. వీధిలో తల ఎత్తుకోలేకపోతున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడకీ నవ్వు రాబోయింది, పళ్ళ బిగువున ఆపుకుంది. ఆయన ముఖం చూస్తే నిజంగానే చిన్నబోయి ఉంది. అయినా ఆవిడ కోపం దిగలేదు.

"అది తప్పే. మావారి చేతే మీకు క్షమాపణ చెప్పిస్తాను. కానీ ఆయన ఆడిన మాటకి శిక్ష నాకూ, ఈ నోరులేనిదానికీనా? ఆ ఉక్రోషమేదో ఆయన మీద చూపించాల్సింది. అది చేతకాక లేని ఫిర్యాదులు పుట్టించారు."

ఓనరుగారు తలుపుకి అడ్డం పెట్టిన చెయ్యి మెల్లగా తీశాడు. తర్వాత కూలీలతో, "ముందు ఆవిణ్ణి పైకి వెళ్ళనివ్వండి. మిగతా బస్తాలు తర్వాత చూద్దాం," అన్నాడు.

లిఫ్టు కుదుపుతో కదలగానే కుక్క బెదిరిపోయి ఆవిడ మెడకి అతుక్కుపోయింది. ఆవిడ బురదలోనే కూర్చుని, దాని వీపు నిమురుతూ పైదాకా వెళ్ళింది.

ఆ సాయంత్రం భర్త రాగానే, యూనిఫాం కూడా మార్చుకోనివ్వకుండా కిందకి పంపింది. చాలాసేపటికి ఆయన తేలికపడ్డ ముఖంతో తిరిగొచ్చాడు.

"చెప్పేశానే. రెండుసార్లు చెప్పాను. కూర్చోమని టీ ఇప్పించాడు, ఇక పెద్దమనిషిని లిఫ్టులోనే తీసుకెళ్ళమన్నాడు. మంచివాడే పాపం."

"టీ ఇప్పించాడా?" ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది. "మీకు టీ, నాకు మెట్లూనా? ఆడిన మాట మీది, పట్టిన పంతం ఆయనది. మీరిద్దరూ కూర్చుని చక్కగా టీ తాగి రాజీ పడిపోయారు. ఇన్నాళ్ళూ నేను మోస్తుంటే ఒక్కపూటైనా 'నేను మోస్తాను' అన్నారా మీరు?"

ఆయన తల దించుకున్నాడు. ఆ ఊతపదం నాలుక చివరిదాకా వచ్చింది గానీ, బయటకి రానివ్వలేదు.

"రేపట్నుంచి రెండుపూటలా దీన్ని బయటకి తిప్పే పని మీది," అందావిడ.

"పొద్దున డ్యూటీ..." అనబోయి ఆవిడ ముఖం చూశాడు. ఇంకేం మాట్లాడకుండా మేకుకి తగిలించి ఉన్న కుక్క తాడు తీసి చెప్పుల పక్కన పెట్టుకుని, అలారం ఒక గంట ముందుకి పెట్టుకున్నాడు.