లాటిన్ మాస్టారి గెలుపు

పాత ఆర్ట్స్ భవనం వెనక పునాదులు తవ్వడం మొదలైన నాటినుంచీ లాటిన్ మాస్టారికి కుదురు లేదు. యంత్రం ఒక్కసారి నేలను గుద్దితే కిటికీ అద్దాలు గలగలమనేవి. ఆయన క్రియారూపాలు చెప్పడం ఆపి, తడబడిన చోటు వెతుక్కుని, మళ్ళీ అందుకునేలోపు ఇంకో గుద్దు పడేది. పాఠం ముగిశాక స్టాఫ్ రూంలో కూర్చోలేడు, వరండాలో నిలబడలేడు. చర్చి మెట్ల దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళాడో గుర్తురాక, కాలుగాలిన పిల్లిలా వెనక్కి తిరిగొచ్చేవాడు.

నగరం నడిబొడ్డున ఉన్న ఆ కాథలిక్ విశ్వవిద్యాలయం చూస్తూ చూస్తూ ఉండగానే గుర్తుపట్టలేనంతగా ఎదిగిపోయింది. పక్కన మూతబడిన బట్టల మిల్లును కొని అందులో కంప్యూటర్ ల్యాబులు పెట్టారు. సిస్టర్లుండే మఠాన్ని వేరే వీధికి మార్చి, ఆ స్థలంలో నర్సింగ్ కాలేజీ కడుతున్నారు. ఒకప్పుడు చర్చి ఫాదర్లు కావాలని వచ్చిన కుర్రాళ్ళతో లాటిన్ గది కిక్కిరిసి ఉండేది. ఇప్పుడు మిగిలింది నలుగురు. ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. మాస్టారు వాళ్ళను కంటికి రెప్పలా చూసుకునేవాడు. ఒకరికి దగ్గొస్తే ఆయన గుండె జారేది.

ఈ కట్టడాలన్నీ నెత్తికెత్తుకున్నది పరాయివాడేం కాదు, ఆయన సొంత బావమరిదే. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మనిషి విస్తరణ విభాగానికి పెద్ద అయ్యాడు. ఆదివారం బావగారింట్లో అక్క చేతివంట మారు వడ్డించుకు తినే ఆ మనిషే, లాటిన్ శాఖను ఎత్తేద్దామని పాలకమండలికి రాసి పంపాడు.

"మీ తమ్ముడు నా కింద కుర్చీ లాగేస్తున్నాడు," అన్నాడు మాస్టారు ఆ సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. దిద్దుతున్న పేపర్ల మీంచి తలెత్తలేదు. "వాణ్ణి తిట్టాలంటే కూర్చుని తిట్టండి. మీరిలా అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కూడికలు తప్పుతున్నాయి."

"నీ తమ్ముడు కదా, నీకెందుకు చురుక్కుమంటుంది!"

"నా తమ్ముడు కాబట్టే వాడి సంగతి నాకు తెలుసు. వాడికి చాటుమాటు వ్యవహారం చేతకాదు. వాడు మీకు ముందే చెప్పలేదా?"

చెప్పాడు. ఆ ఇంట్లోనే, ఆ బల్ల దగ్గరే చెప్పాడు. "బావా, వైద్యం మాటల్లో సగానికి సగం లాటినే కదా. నర్సింగ్ పిల్లలకు ఆ పాఠం మీరు చెప్పండి. మీకేం ఢోకా ఉండదు," అన్నాడు. మాస్టారు సగం అన్నం వదిలేసి లేచిపోయాడు. ఆ సంగతి ఇప్పుడు భార్య ఎత్తకపోయినా ఆయనకు గుర్తొచ్చి, ఇంకో రెండు చుట్లు తిరిగాడు.

మండలి సమావేశం రానే వచ్చింది. పొడుగాటి బల్లకు ఒక చివర విశ్వవిద్యాలయానికి పెద్ద, ఫాదర్ రెక్టర్ కూర్చున్నాడు. చిన్నప్పుడు మాస్టారి దగ్గరే లాటిన్ నేర్చుకుని, ఆయన చేత మొట్టికాయలు తిన్నవాడు. బావమరిది గోడమీద బొమ్మలు చూపిస్తూ కొత్త శాఖల గురించి చెప్పుకుపోయాడు. లాటిన్ దగ్గరికొచ్చేసరికి గొంతు కాస్త తగ్గించాడు. మాస్టారు ఆగలేకపోయాడు. కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాడు.

"ఫాదర్, నా సంగతి వదిలేయండి. ఆ నలుగురు పిల్లలూ మనల్ని నమ్మి చేరారు. సగం దారిలో దింపేసి ఎటు పొమ్మంటారు? తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందనంతా వదిలి వెళ్ళిన కాపరి గురించి మన చర్చిలోనే చెబుతారు కదా. నేనడిగేది ఒక్కరి కోసం కాదు, నలుగురి కోసం!"

అందరూ బావమరిది వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, బల్లమీది కాగితాలు సర్దుకున్నాడు.

"నాకేం అభ్యంతరం లేదు ఫాదర్," అన్నాడు చివరికి. "ఆ నలుగురి చదువూ పూర్తయ్యేదాకా శాఖను ఉండనివ్వండి."

రెక్టర్ మొహం విప్పారింది. పాత గురువును కాదనే పని తప్పినందుకు ఆయన అందరికంటే ఎక్కువ సంతోషించాడు. మాస్టారు ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. భార్య ఆశ్చర్యపోయి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

మర్నాడు క్లాసుకు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. గదిలో ఒక్కతే ఉంది. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుంటుందని ఆయన 'కిటికీ పిల్ల' అని పిలిచే అమ్మాయి.

"మిగతావాళ్ళేరమ్మా?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "రారు సార్. ఇద్దరు నర్సింగ్‌కి, ఒకడు కంప్యూటర్స్‌కి మారిపోయారు. పోయిన నెలే అప్లై చేశారు సార్. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

మాస్టారు ఖాళీ బెంచీల్ని ఒక్కొక్కటే చూశాడు. "అయితే నువ్వొక్కదానివి ఉండిపోయావన్నమాట, లాటిన్ మీద ప్రేమతో," అన్నాడు.

ఆ పిల్ల తల దించుకుంది. "నేనూ అప్లికేషన్ పెట్టేదాన్నే సార్. ఆఖరి రోజు నాకు జ్వరం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదాయనకు. పుస్తకం బల్లమీదే వదిలేసి బయటికి నడిచాడు. ఇటుకల గుట్టలు దాటి, సిమెంటు దుమ్ములోంచి సరాసరి బావమరిది కూర్చునే రేకుల షెడ్డులోకి వెళ్ళాడు.

"పిల్లలు మారిపోయిన సంగతి నీకు ముందే తెలుసా?"

బావమరిది ప్లాను మీంచి తలెత్తాడు. "తెలుసు బావా."

"మరి మీటింగులో నోరెందుకు విప్పలేదు? ఒక్క ముక్క చెబితే నేను కూర్చునేవాణ్ణి కదా!"

"మీరు కాపరి కథ చెప్పాక, అసలు మందే లేదని అంతమందిలో ఎలా చెప్పమంటారు?"

"జాలిపడ్డావన్నమాట."

"జాలేంటి బావా! ఆదివారం నేను మళ్ళీ మా అక్క ఇంటికి రావద్దా?"

మాస్టారు గేటు దాటాడు. ఓడిపోయి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేది. ఎవరో వదిలేసిన గెలుపు జేబులో పెట్టుకుని ఊరేగినట్టయింది. బస్టాండు దాకా నడిచాడు. ఏ బస్సూ ఎక్కలేదు. తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు నవ్వుతున్న విశ్వవిద్యాలయం హోర్డింగు కింద నిలబడ్డాడు. బావమరిది మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. పిల్లల మీద తెచ్చుకోవాలని చూశాడు, అదీ రాలేదు. ఏదీ రాకపోవడంతో ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది.

తిరిగొచ్చేసరికి కిటికీ పిల్ల చర్చి మెట్ల మీద టిఫిన్ డబ్బా తెరుచుకుని కూర్చుంది. ఆయన కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నిజం చెప్పమ్మా. నేను బాధపడతానని చూడకు."

"మీ పాఠం బాగుంటుంది సార్, ఒట్టు. కానీ ఇక మీరొక్కరూ నేనొక్కదాన్నీ... నేను రాకపోతే మీరు ఖాళీ గదిలో కూర్చుంటారు కదా. ఇక నాకు జ్వరం వచ్చే వీలు కూడా ఉండదు." ముద్ద కలుపుతూ అంది: "మా అమ్మ ఆస్పత్రిలో ఆయా సార్. నర్సు కావాలని నాకు మొదటినుంచీ ఉంది. సీటు రాక ఇటొచ్చాను."

ఆయన ఆ పిల్ల తినడం ముగించేదాకా ఆగి, "పద," అన్నాడు.

వాళ్ళిద్దర్నీ చూసి బావమరిది కంగారుగా లేచాడు. విషయం విని తల అడ్డంగా ఊపాడు. "గడువు దాటిపోయింది బావా."

"దాటిందని తెలిసే వచ్చాను. నిన్న నాకోసం నోరు మూసుకున్నావు. ఇవాళ ఈ పిల్ల కోసం నోరు తెరువు. ఫాదర్‌తో నువ్వు మాట్లాడు."

బావమరిది హెల్మెట్ తీసి బల్లమీద పెట్టాడు. "ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే శాఖ ఉండదు. ఆలోచించుకున్నారా?"

"మూసెయ్యమని శాఖాధిపతిగా నేనే రాసిస్తాను. కలం ఇలా ఇవ్వు."

సంతకం పెట్టాడు. పెట్టాకైనా మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. ఫాదర్ ఒప్పుకుని ఆ పిల్లకు నర్సింగ్ సీటిచ్చాడు, లాటిన్ శాఖ మూతబడింది. ఆ తర్వాత వారాల పాటు అట్టపెట్టెల్లోకి పుస్తకాలు సర్దడం, సర్దినవి మళ్ళీ తీసి చూసుకోవడం, ఇదే పని. చివరికి ఒకరోజు తనంతట తానే నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ సిస్టర్ దగ్గరికి వెళ్ళి, బావమరిది చెప్పిన ఆ వైద్యం మాటల పాఠం తనకివ్వమని అడిగాడు.

"ఇంకా నయం, వచ్చారు!" అంది సిస్టర్. "మీ లాటిన్ సంగతేమో గానీ మీ గొంతు కావాలి మాస్టారూ. మా హాల్లో మైకు పనిచెయ్యదు."

కొత్త భవనం పూర్తికాలేదు కాబట్టి క్లాసు చర్చి కిందున్న హాల్లో జరిగింది. అన్ని మొహాల్ని ఒక్కచోట చూసి ఎన్నాళ్ళయిందో! చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదాయనకు. మొదట విభక్తులు ఎత్తుకున్నాడు. వెనక బెంచీల్లో ఆవలింతలు మొదలయ్యాయి. చెమట తుడుచుకుని దారి మార్చాడు.

"మీరు రోజూ పలికే మాటే తీసుకుందాం. పేషెంట్. లాటిన్‌లో 'పాత్సియెన్స్'. అంటే ఓర్చుకునేవాడు, భరించేవాడు."

వెనక నుంచి ఒక పొడుగుపాటి అమ్మాయి చెయ్యెత్తింది. "మరి ఓర్చుకోలేక అరిచేవాళ్ళని ఏమనాలి సార్? మా వార్డులో అంతా వాళ్ళే."

హాలంతా గొల్లుమంది. మాస్టారికీ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ మాట అర్థం చెబుతున్నాడు గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనకూ తట్టలేదు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "తెలుసుకుని చెబుతాను."

క్లాసు అయ్యాక సిస్టర్‌ను ఆపి అదే అడిగాడు. ఆమె నడక ఆపకుండానే, "పుస్తకాల్లో దొరకదు మాస్టారూ. రేపు పొద్దున్నే మా పిల్లలు పనిచేసే ఆస్పత్రి వార్డుకు రండి, వాళ్ళనే అడుగుదాం," అంది.

మర్నాడు ఆయన కాఫీ కూడా తాగకుండా బయల్దేరాడు. వార్డు తలుపు దగ్గర మందుల వాసన తగిలి, ఒక్క క్షణం వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. లోపల ఎవరో ముసలాయన గొంతు చించుకుని అరుస్తున్నాడు. మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆ అరుపు వినబడిన మంచం వైపు నడిచాడు.