నాలుగు వేళ్ల సందు

కిష్టప్ప తాళ్లు పట్టి పలకను పైకి లాగాడు. దాని మీద పడ్డ సిమెంటు మాలును తాపీతో గీకి తట్టలో వేసి, పలకను మళ్లీ సందులోకి దించాడు. పొద్దున ఆరింటి నుంచి ఇదే పని.

పాత గోడకు బయట నాలుగు వేళ్ల సందు వదిలి ఇంకో గోడ కడుతున్నాడు. ఇటుక పేర్చేటప్పుడు మాలు ఎంతో కొంత సందులోకి జారుతుంది. జారింది అక్కడే అతుక్కుంటే వేడి దాని మీదుగా లోపలి గోడకు నడిచి వచ్చేస్తుంది. అందుకే పలక. రెండు వరసలకోసారి దాన్ని గీకుతాడు, టార్చిలైటు వేసి సందు అడుగుదాకా చూస్తాడు, కొలిచి కోసిన థర్మోకోల్ ముక్కను బిగువుగా దింపుతాడు. రెండు గోడలనూ కలిపే తీగ ముక్కలను నడుమ కొంచెం కిందికి వంచాడు. వాన చెమ్మ తీగ వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోవాలి.

లక్డారం ఊరంతా ఈ గోడను చూసి నవ్వింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంది. పక్కింటి పెంటయ్య పేరున్న మేస్త్రి. పని ఒప్పుకొమ్మంటే దండం పెట్టాడు.

"ఒక్క ఇంటికి రెండు గోడలేందే కిష్టన్నా. నడుమ ఎలుకలకు గల్లీ ఇడుస్తున్నవా? నన్ను నవ్వులపాలు జెయ్యకు."

కిష్టప్ప వాదించలేదు, తాపీ తనే పట్టాడు. వరసలు వంకర పోయాయి, ఇటుకలు ఎగుడుదిగుడుగా నిలబడ్డాయి. ఆ గోడ బయటి ముఖం చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. లోపలి సందు మాత్రం అద్దంలా ఉంది. అది ఎవరికీ కనిపించేది కాదు.

అతని బతుకులో పనితనమంతా ఇట్లా కనిపించని చోటే ఉంది. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆవిరి గొట్టాలకు గాజు ఉన్ని చుట్టి, పైన రేకు తొడుగుతున్నాడు. మెడ మీద, మోచేతుల దాకా ఎప్పుడూ దురదే. చేరిన కొత్తలో ఇంజనీరు నరసింహమూర్తి గారు ఒక మాట చెప్పారు.

"వేడిని ఆపేది ఉన్ని కాదయ్యా కిష్టప్పా, ఉన్నిలో ఇరుక్కున్న గాలి. కదలని గాలిని దాటడం వేడికి చాలా కష్టం."

కిష్టప్ప తను చుట్టిన గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. లోపల సలసల కాగే ఆవిరి, పైన మేకపిల్ల పొట్టంత వెచ్చదనం. కంటికి కనపడని గాలి, చేతికి చిక్కని గాలి, ఊరికే నిలబడి ఇంత పని చేస్తుందా అని ఆ పూట అతనికి అన్నం సహించలేదు. ఆ ఆశ్చర్యం ఇన్నేళ్లయినా తగ్గలేదు. ఇంటికి వచ్చి చెబితే విన్నది భార్య బక్కమ్మ ఒక్కతే.

నిరుడు ఎండాకాలం బక్కమ్మకు వడదెబ్బ తగిలింది. సంగారెడ్డి ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంది. గుండె బలహీనపడింది, ఇంకోసారి ఇంత వేడి తగిలితే మనిషి దక్కదు అన్నాడు డాక్టరు. వాళ్లది ఒంటి ఇటుక గోడల ఇల్లు, మధ్యాహ్నం పడమటి గోడకు చెయ్యి ఆనదు. ఏడాది పొడుగునా సెలవు దొరికినప్పుడల్లా కిష్టప్ప కడుతూనే ఉన్నాడు. కప్పు మీద మట్టిముంతలు బోర్లించి సున్నం పోశాడు. దక్షిణం వైపు రెండో గోడ లేచింది. పడమటి గోడకు పై వరసలు మిగిలాయి. అప్పటిదాకా పగటిపూట బక్కమ్మను అవతలి ఇంటి నర్సింహమ్మ తన వేపచెట్టు నీడన పడుకోబెట్టుకుంటోంది. అక్కడా వడగాలే. రేపటి నుంచి రోహిణి కార్తె. రోహిణి ఎండలకు రోళ్లే పగులుతాయంటారు, ఇక బక్కమ్మ ఎంత?

పదకొండింటికి చూరు కింద ఆఖరి వరస పడింది. కిష్టప్ప చేతులు కడుక్కున్నాడు. ఒంటిగంటకు నర్సింహమ్మ, అతనూ చెరో రెక్క పట్టి బక్కమ్మను ఇంట్లోకి నడిపించారు.

తలుపు మూశారు. బయట కుంపటిలా ఉంది. లోపల నీళ్ల కుండ పక్కన కూర్చున్నట్టు ఉంది. బక్కమ్మ పడమటి గోడ దాకా వెళ్లి మొదట చెయ్యి ఆనించింది, తర్వాత చెంప ఆనించింది.

"సల్లగున్నదా?" అన్నాడు కిష్టప్ప.

"గీ గోడ నీ తీరే ఉన్నదయ్యా. మాట్లాడదు, గాని అడ్డం నిలవడ్డది."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అతణ్ణి ఇంతగా మెచ్చుకున్నది లేదు. అతను తల వంచుకుని మంచం గోడవారకు జరిపాడు. నర్సింహమ్మ ఇంటికి వెళ్లింది. బక్కమ్మ పడుకుంది. రెండున్నరకు కళ్లు తెరవకుండానే అంది.

"జెర చెద్దరియ్యి. సలి వెడుతున్నది."

నడి ఎండాకాలం, పట్టపగలు, చలి. కిష్టప్ప పెట్టెలోంచి సోలాపూర్ చెద్దర్ తీసి ఆమె గడ్డం దాకా కప్పాడు. బయటికి వచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా పెంటయ్య గడప దగ్గరికి పోయాడు.

"పెంటయ్యా, మా బక్కమ్మ చెద్దరడిగింది."

పెంటయ్య నమ్మలేదు. వచ్చి తలుపు సందులోంచి చూశాడు. చెద్దర్ కప్పుకుని నిద్రపోతున్న మనిషిని చూసి, లోపలికి అడుగుపెట్టి గోడ తడిమి, మునివేళ్ల మీద బయటికి వచ్చాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

"నా ఇంటికి గూడ గట్టాలె కిష్టన్నా. ఎట్లనో సూపియ్యి."

ఆ మాట వాడంతా పాకింది. ఒక్కొక్కరే వచ్చారు. కిష్టప్ప గడపలో కూర్చుని, నోటి మీద వేలు పెట్టి అందరినీ ఆపాడు. ఏడాదిగా పగలు కునుకు లేని మనిషి పడుకుంది, లేపొద్దన్నాడు. కుక్కను అదిలించాడు, సైకిలు బెల్లు కొట్టినవాణ్ణి కోప్పడ్డాడు. రెండు గంటలు ఆమె నిద్రకు కాపలా కాశాడు. అంత గర్వంగా అతను ఎప్పుడూ కూర్చోలేదు.

నాలుగున్నరకు నర్సింహమ్మ చాయ తెచ్చింది. లేపవద్దంటే, పొద్దు వాలుతోంది అని లోపలికి పోయింది.

"అన్నా, జెర ఇటు రా," అంది లోపలి నుంచి మెల్లగా.

బక్కమ్మ ముఖం ప్రశాంతంగా ఉంది, చెమట చుక్క లేదు. ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు. ఎండన పడి పరుగెత్తుకొచ్చినవాళ్లు ఆ గదిలోకి రాగానే ఏడుపు ఆపుకుని చుట్టూ చూశారు. అంత చల్లదనం వాళ్ల ఇళ్లలో లేదు.

కిష్టప్ప ఏడవలేదు. పెంటయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఇల్లు సల్లగై చెద్దరడిగిందా పెంటయ్యా, పానం పోవుడుకు అడిగిందా? నిజం జెప్పు."

పెంటయ్య పడమటి గోడకు అరచెయ్యి ఆనించాడు.

"నేను మేస్త్రినన్నా. నాకు గోడ సంగతే తెలుసు. గోడ సల్లగున్నది."

కిష్టప్ప తల ఊపాడు. నలుగురూ కలిసి ఆమెను వాకిట్లోకి ఎత్తుకుపోయారు, అతను వెనకే వెళ్లాడు. మంచం మీద సోలాపూర్ చెద్దర్ మిగిలింది, ఒక అంచు జారి గోడకు ఆనుకుని ఉంది.