వేలాడేగోడకు దీపం

వెండి చార కొండలోకి నిటారుగా దిగదు, ఏటవాలుగా దిగుతుంది. దాని వెంట తవ్వుకుంటూ పోయేవాడికి కాళ్ల కింద ఒక రాతిగోడ, నెత్తి మీదికి వాలి ఇంకో రాతిగోడ. కిందిది కాలిగోడ. పైదానికి దీపం వేలాడదీసుకుంటారు కనుక అది వేలాడేగోడ. సాక్సనీ సీమ గనివాళ్ల నోట నలిగిన ఈ పేర్లనే తర్వాత భూకంపాల పండితులు పుస్తకాల్లోకి ఎత్తుకుపోయారు. నేల ఏటవాలుగా చీలి జారినప్పుడు పైపక్కకూ కిందిపక్కకూ ఇవే పేర్లు. పండితులకేం, కాగితం మీద గీత గీస్తే సరిపోతుంది. ఆ గనివాళ్లలో ఒకడైన బార్తెల్ మాత్రం ముప్పొద్దులా ఆ గోడ కిందే బతికాడు.

ఆ చలికాలంలో వేలాడేగోడ పెళ్ల విరిగి మీద పడి ఊర్బన్ చనిపోయాడు. ఊర్బన్ బార్తెల్‌కు పెద్ద బావమరిది. చిన్న బావమరిది కిలియన్‌ను తండ్రి లేని లోటు తెలియకుండా పెంచినవాడు. అది మొదలు కిలియన్ దీపాన్ని పైన తగిలించడం మానేసి కాళ్ల దగ్గర పెట్టుకుంటున్నాడు. తన నీడే తన పనికి అడ్డం. ఏది వెండిరాయో ఏది ఉత్త రాయో తెలియదు. పైన బీట వారినా కనిపించదు.

"ఏరా, ఎలకలకు దీపం పెడుతున్నావా?" అన్నాడు బార్తెల్.

"నీ పని నువ్వు చూసుకో బావా."

"నీ తట్టలో అంతా చెత్తే పోతోందిరా. ఇవాళ మేస్త్రీ వస్తాడు. దీపం పైన లేకపోతే నిన్ను గని బయట రాళ్లేరే ముసలాళ్ల పక్కన కూచోబెడతాడు. మళ్లీ లోపలికి రానివ్వడు."

"తెలుసు."

"తెలిస్తే తగిలించి చావు!"

"అటు చూడలేను బావా. చూస్తే అన్నే కనపడతాడు."

ఊర్బన్ మీది రాళ్లు తీసినవాళ్లలో బార్తెల్ కూడా ఉన్నాడు. పోనీ తనే తగిలిద్దామంటే గనిలో అది కుదరదు. ఎవడి నెత్తి మీది గోడను వాడే సుత్తితో తట్టి, మోత విని, గట్టిదని నమ్మితేనే దీపం తగిలించాలి. ఒకడి గోడకు ఇంకొకడు పూచీ పడడు.

మేస్త్రీ వచ్చాడు. "తగిలించు" అన్నాడు. కిలియన్ దీపం అందుకున్నాడు గాని చెయ్యి భుజం దాటి లేవలేదు.

"అయితే పైకి నడు."

బార్తెల్ తన దీపం కూడా తీసి కాళ్ల దగ్గర పెట్టాడు. "నన్నూ పంపండి దొరా. వాడికి లేని వెలుతురు నాకెందుకు?"

"ఓహో, బావాబావమరుదులు ఒకటయ్యారే! అలాగే తవ్వండి. నేను తిరిగొచ్చేసరికి దీపాలు పైన లేకపోతే ఇద్దరూ పైకే" అంటూ మేస్త్రీ విసవిసా వెళ్లిపోయాడు.

ఇద్దరూ తవ్వారు. బార్తెల్‌కు ఉలి ఎక్కడుందో కనిపించక సుత్తి బొటనవేలి మీద దిగింది. అమ్మా అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. పైనుంచి చిటికెడు మట్టి రాలి అతని మెడ మీద పడింది.

కిలియన్ పని ఆపేశాడు.

"జరుగు బావా" అన్నాడు. కిలియన్ తన బావ దీపం తీసుకుని తల ఎత్తాడు. బావ నెత్తి మీది గోడను సుత్తితో తట్టాడు. గట్టిగా మోగింది. పక్కనా తట్టాడు. అక్కడా మోగింది. ఆ రాతిలో దీపం కొక్కెం దిగ్గొట్టాడు. అంతసేపూ అతని కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"నా గోడ నువ్వెందుకు తట్టావురా? అది మన రివాజు కాదు కదా."

"నీక్కూడా ఏమన్నా అయితే అక్కకు నేనేం చెప్పను? నాది మాత్రం నావల్ల కాదు బావా. నువ్వు తగిలించు."

మేస్త్రీ తిరిగొచ్చేసరికి ఒక దీపం పైన వెలుగుతోంది, రెండోది బార్తెల్ చేతిలో ఉంది. ఎవరిది ఎవరు తగిలిస్తున్నారో గమనించనట్టే ఊరుకున్నాడు. "సరే, ఇద్దరూ ఇక్కడే ఉండండి. ఊఁ, తొందరగా కానీ" అన్నాడు.

తన గోడనైతే బార్తెల్ రెండు దెబ్బలు కొట్టి వదిలేసేవాడు. కిలియన్ నెత్తి మీది గోడను మాత్రం మేస్త్రీ అరుస్తున్నా వినకుండా, ఈ మూల నుంచి ఆ మూల దాకా, చెవి ఆనించి మరీ తడుతూనే ఉన్నాడు.