కోటు కుదిరిన రోజు

కటింగ్ మాస్టర్ మందు చుక్క ముట్టక డెబ్భైమూడు రోజులైంది. అందులో సగం ఘనత తనదేనని ఆయన భార్య నమ్మకం. మనసు నొచ్చుకుంటే తాగుతాడని తీర్మానించుకుని, నొచ్చుకునే మాట ఏదీ గుమ్మం దాటి లోపలికి రాకుండా ఆమె కాపలా కాసింది. నీళ్ల మోటారు కాలిపోయినా, తన తమ్ముడు నోరు పారేసుకున్నా ఆయన చెవిన పడనిచ్చేది కాదు.

డాక్టరమ్మ మరో పని పెట్టింది. తాగాలనిపించిన ప్రతిసారీ, అంతకు ముందు మనసెలా ఉందో రాసుకోమంది. “వణుకు ఈసారికి తగ్గింది. మళ్లీ మొదలెడితే చెయ్యి కత్తెర పట్టుకుంటుందని నేను హామీ ఇవ్వలేను,” అని కూడా అంది.

అరంగుళం తేడాను సహించని మనిషి కనుక మాస్టర్ తేదీలూ వేళలూ వేసి మరీ రాశాడు. పది వారాల కాగితాలు పరచి చూసుకుంటే, కోపం వచ్చిన రోజున దాహం లేదు. దిగులు పట్టిన రోజున ముసుగు తన్ని పడుకున్నాడు. దాహం పుట్టినవన్నీ పని నిక్కచ్చిగా కుదిరిన రోజులే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. ఆవిడేమో వీధి గుమ్మం కాస్తోంది. ఆ సంగతి ఆమెతో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. దుఃఖంతో తాగేవాడి మీద జాలైనా పడతారు.

ఆ సాయంత్రం, పదవీ విరమణ చేస్తున్న రైలు డ్రైవరు కోటు తొడుక్కోవడానికి వచ్చాడు. ఆయన ఎడమ భుజం కుడిదానికన్నా వేలెడు కిందికి ఉంటుంది. మాస్టర్ ఎడమవైపు లోపల దూది రెండు పొరలు ఎక్కువ పెట్టి, కాలరును ఆ మేరకు మళ్లించి కుట్టాడు. డ్రైవరు అద్దం ముందు ఇటూ అటూ తిరిగాడు.

“ముప్ఫయ్యేళ్లుగా అందరూ నా భుజాన్నే చూశారు మాస్టరూ. ఇవాళ నన్ను చూస్తారు!”

“సభలో మరీ నిటారుగా నిలబడకండి. పక్కవాళ్లు గూనివాళ్లనుకుంటారు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. డ్రైవరు వెళ్లాక ఆ నవ్వు మాస్టర్ గొంతులోనే నిలిచిపోయి, మెల్లగా దాహమైంది. నోరూరింది. పాదాలు వాటంతటవే చెప్పుల కోసం తడుముకున్నాయి. మూలమలుపులోని మద్యం దుకాణం వంద అడుగుల దూరమే ఉంటుంది. చెప్పులు కాలితో బల్లకిందికి తన్ని, ఫోను అందుకున్నాడు.

భార్య రొప్పుతూ వచ్చింది. “ఏమైందండీ? ఎవరేమన్నారు? మా తమ్ముడేనా?”

“ఎవరూ ఏమీ అనలేదు. మెచ్చుకున్నారు.”

“మెచ్చుకుంటే నన్ను పరుగెత్తిస్తారా?”

“నేను దిగులుతో తాగలేదు. ఏనాడూ తాగలేదు. సంతోషమొస్తే తాగాను. ఇప్పుడు చాలా సంతోషంగా ఉంది. కాసేపు ఇక్కడ కూర్చో.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “అయితే ఆ మోటారు గురించి అనవసరంగా దాచి చచ్చాను,” అంది.

“మోటారుకేమైంది?”

“కాలిపోయి నెల్లాళ్లయింది. బిందెలతో మోస్తున్నాను.”

ఆయనకు నవ్వాగలేదు. ఆమె స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. దీపాలు వెలిగేవరకూ ఆయన బొత్తాలు కుట్టాడు. ఆమె సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. షట్టరు దించాక ఆమె మూలమలుపు మీదుగా పోయే మామూలు దారివైపు అడుగు వేసింది.

“వెనక సందులోంచి పోదాం,” అన్నాడాయన.

“అదెంత చుట్టో తెలుసా?”

“తెలుసు. నడువు.”