కళ్లు మూయించిన గంట

నేను ఒక కంచు గంటను. నన్ను పోతపోసిన అప్పలాచారి మొదటిసారి మోగించి చూసి, "గంటంటే ఇదీ. కొడితే ఊరు లేవాల" అన్నాడు. నన్ను కొన్నవాడు మాత్రం నాచేత జనాన్ని జోకొట్టించాడు.

ఆ మహానుభావుడి పేరు విశ్వంభరం. నర్సింగ్ విద్యార్థినులకు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పడానికి యూనివర్సిటీ పంపిన గురువు. మనసు ఈ క్షణంలో నిలిస్తే రోగిని బాగా చూసుకోగలరట. మాట మంచిదే, చెప్పే మనిషిని చూస్తేనే నాకు ఒళ్లుమంట. రాత్రంతా వార్డులో నిలబడి కాళ్లు వాచిన పిల్లలను తెల్లారగానే తెచ్చి కూర్చోబెట్టేవాడు. నేను మోగగానే వాళ్లు కళ్లు మూసేవారు, మూసీ మూయగానే నిద్రపోయేవారు. అదంతా తన గొప్పేనని ఆయన మురిసిపోయేవాడు. మధ్యలో లేచి వెళ్తే పరీక్షకు కూర్చోనివ్వనని బెదిరింపు ఒకటి.

ఒకరోజు గోడ అవతల వార్డులో మిషను కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"శబ్దాలు వస్తాయి, పోతాయి. వినండి, వదిలేయండి" అన్నాడు విశ్వంభరం, కళ్లు తెరవకుండానే.

చివరి ఏడాది చదువుతున్న కెజియా లేచి నిలబడింది.

"అది వదిలేసే శబ్దం కాద్సార్. ఎవరికో ఆక్సిజన్ అందట్లేదు."

"వార్డులో డ్యూటీ నర్సు ఉంటుంది. కూర్చోమ్మా, నీ మనసు అదుపులో లేదు."

కెజియా పరుగెత్తింది. బల్లకు ఆమె మోచెయ్యి తగిలి నేను కిందపడి బీటవారాను. డ్యూటీ నర్సు ఇంకో మంచం దగ్గర రక్తం ఎక్కిస్తూ ఉందట. ఒక ముసలాయన ఆక్సిజన్ గొట్టం ఒంటికింద నలిగిపోయి ఉంటే కెజియా సరిచేసింది. ఆయన బతికాడు. విశ్వంభరం మాత్రం ఈ పిల్లకు ఏకాగ్రత లేదని రాసి పరీక్ష ఆపించాడు. ఆ గదిలో ఏకాగ్రత ఉన్నది ఆమె ఒక్కదానికే. సిగ్గులేని మనిషి.

ఆమెకు ఒక ఏడాది పోయింది. తర్వాత పాసై అదే వార్డుకు నర్సుగా వచ్చి, పాత సామాన్ల గదిలోంచి నన్ను తీసి, పిలుపు బజరు పాడైన మంచానికి కట్టింది. ఇప్పుడు నా గొంతు బొంగురు. అయినా మోగితే కెజియా వస్తుంది.

విశ్వంభరానికీ వయసు మీద పడుతోంది. ఎప్పుడో ఒకనాడు ఆ మంచం మీదికే వచ్చి, ఊపిరాడక నా తాడు లాగుతాడనుకుంటాను. శబ్దాలు వస్తాయి, పోతాయి అని ఆయన చెవిలో చెప్పాలని నాకెంతో ఉంది. కానీ చెప్పే వ్యవధి ఉండదు. ఆలోపే కెజియా పరుగెత్తుకొస్తుంది.